పచ్చి వేప గడప

మా నాయిన వడ్రంగి. ఆయన ఎత్తిన దర్వాజా ఒక్కటి కూడా చీలలేదని షామీర్‌పేట చుట్టుపక్కల అందరూ చెప్పుకునేవారు. ఆ పేరు ఒక్క మధ్యాహ్నంలో పోయింది, నా వల్లే.

తూంకుంటలో మేం ఇల్లు కట్టుకుంటున్న ప్లాటులో అడ్డంగా ఉన్న వేపచెట్టును మాఘమాసంలో కొట్టించాం. కోతమిషన్‌లో కోయిస్తే గడపకు సరిపడా వెడల్పున్న చెక్క ఒక్కటే వచ్చింది. నాయిన దాని రెండు కొసలకూ పేడ మెత్తి, షెడ్డు నీడలో సన్న పట్టెల మీద పడుకోబెట్టాడు.

"కొసలకెల్లి నీరు జల్దీ వోతే కర్ర చీలుతది. దీనికి ఎండ సోకనియ్యకు" అన్నాడు.

వైశాఖంలో గడప ముహూర్తం కుదిరింది. అది దాటితే మూఢం, నెలల తరబడి మంచిరోజు లేదు. "కర్ర ఇంక పచ్చిగనే ఉంది, ముహూర్తమే ఎనుకకు జరుపు" అని నాయిన మొండికేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఈయన చెప్పేదాకా కర్ర ఎండదా అనుకున్నాను.

ముహూర్తానికి మూడు రోజులుందనగా ఆయన మేడ్చల్‌కు పనికి వెళ్ళాడు. నేను చెక్కను బయటికి లాగి, కొసల పేడంతా గీకి, వాకిట్లో బండల మీద ఎండకు పెట్టాను.

పన్నెండు దాటాక టప్పుమని చప్పుడైంది. పరుగెత్తి చూస్తే కొసన వెంట్రుకంత గీత. నీడలోకి ఈడ్చేలోపు మళ్ళీ టప్పుమంది. తడి గోనెసంచి కప్పాను, దొరికిన పేడ మెత్తాను. గీత నా కళ్ళముందే జానెడు పాకింది. వీధిలో బండి చప్పుడైన ప్రతిసారీ నాయినేనేమోనని తొంగి చూశాను.

సాయంత్రం ఆయన వచ్చేసరికి, గడప కొలత చూసుకుందామని మా ఇల్లు కడుతున్న మేస్త్రి కూడా వచ్చి ఉన్నాడు. నాయిన గోనె తీశాడు. గీతలో గోరు పెట్టి చివరిదాకా నడిపించాడు. నా వైపు చూడలేదు.

"ఏందే పెద్దమనిషీ, నీ చేతిల కర్ర చీలుడేంది?" మేస్త్రి నవ్వాడు.

"నేనే ఎండల వెట్టిన. ముహూర్తం దగ్గరవడ్డదని పరేషానై తొందరవడ్డ" అని నాయినే చెప్పాడు.

నేను నోరు తెరిచాను. "మేస్త్రికి చాయ్ తే పో" అన్నాడు నాయిన.

చాయ్ పట్టుకుని తిరిగొచ్చేసరికి మేస్త్రి ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడు, వడ్రంగి పెద్దమనిషికి ఇగ పని మరుపొచ్చిందని. నాయిన తల వంచుకుని రంపానికి పదును పెడుతున్నాడు. నేను ఇద్దరికీ చాయ్ ఇచ్చి ఊరుకున్నాను.