ఎలుగు వెంట్రుకల తాయెత్తు

1996 ఎండాకాలం. నారాయణగూడ చౌరస్తాకు దగ్గరలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆయాగా పనిచేస్తున్నాను. ఆయా పని అంటే ఊడవడం, తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం అనుకుంటారు అందరూ. డ్రెస్సింగ్ గదిలో నిలబడటం కూడా మా పనే. గాయానికి కట్టు విప్పి, కడిగి, మందు వేసి మళ్లీ కట్టడాన్ని డ్రెస్సింగ్ అంటారు. నర్సు ఆ పని చేస్తుంటే పక్కన నిలబడి కిడ్నీ ట్రే పట్టుకోవాలి. చిక్కుడుగింజలాగా వంపు తిరిగిన స్టీలు పళ్లెం అది. గడ్డానికో చెవికో ఆనించి పడితే కడిగిన నీళ్లు బట్టల మీద కారవు. మా ఆయన పోయాక ఆ పళ్లెం పట్టుకునే నా పిల్లల్ని సాకాను. నాకు చదువు రాదు, సంతకం వరకే. నేను చెబుతుంటే చిన్న కూతురు రాస్తోంది.

మిషన్లలో నలిగిన వేళ్లు చూశాను, స్టవ్ పేలిన ఒళ్లు చూశాను. ఇంటికి పోయి అన్నం తిన్నాను, నిద్రపోయాను. బాలయ్య ముఖం మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

బాలయ్యది మహబూబ్‌నగర్ జిల్లాలో అడవి అంచున ఊరు. తమ పొలం గట్టు మీది ఇప్పచెట్టు పూలు ఏరుకొచ్చి ఇంటి ముందు ఎండబోశారు. ఆ వాసనకు ఒక పొద్దున ఎలుగుబంటి వాకిట్లోకే వచ్చింది. అప్పుడే లేచిన నాలుగేళ్ల మణెమ్మ కళ్లు నలుపుకుంటూ దాని ముందుకు నడిచింది. బాలయ్య కూతుర్ని వెనక్కి లాగి అడ్డం పోయాడు. ఎలుగు రెండు కాళ్ల మీద లేచి అతని ముఖం మీద పంజా విసిరింది. చేతికందిన గొడ్డలితో అతనూ కొట్టాడు. వాకిట్లోనే అది చచ్చింది. దాని పక్కనే ఇతను స్పృహ తప్పి పడ్డాడు.

పెద్దాసుపత్రిలో కుట్లు వేసి పంపించారు. అతని అన్న అశోక్‌నగర్ వెనక బస్తీలో ఉంటూ మట్టిపని చేస్తాడు. ఆ గుడిసెలో దిగి, దగ్గర కదా అని కట్టు మార్చుకోవడానికి మా దగ్గరికి వచ్చేవారు.

కట్టు విప్పితే ఎడమ కన్ను పక్క నుంచి నడినెత్తి దాకా నాగలి చాలు తోలినట్టు ఉంది.

"ఆయమ్మా, కన్ను ఉన్నదా, పోయిందా?" అన్నాడు.

"ఉన్నది, నన్నే చూస్తున్నది. జర కదలకు."

"నీ గొంతుకు కదులుతున్న. గంత గట్టిగ ఒర్రుతవేంది?"

"నా గొంతు ఇంటే ఎలుగే అడవి దాటి ఉరుకుతుండె. ఆ పొద్దు నన్ను పిలవకపోతివి!"

నవ్వబోయాడు. కుట్లు లాగి "అమ్మా" అన్నాడు. తలుపు దగ్గర అతని భార్య లింగమ్మ కొంగులో ముఖం దాచుకున్న మణెమ్మ ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. తండ్రి పిలిస్తే రాదు. ఆ ముఖాన్ని చూపించి "మా అయ్య గాదు" అంటుంది.

రెండోసారి వచ్చినప్పుడు బాలయ్య వేరే బెంగ చెప్పాడు. అడవి ఆఫీసు వాళ్లు ఎలుగు కళేబరాన్ని కాల్చడానికి ఊరికి వచ్చారట. దాని గోరు ఒకటి లేదు, వీపు మీద వెంట్రుకలు పీకి ఉన్నాయి. గోళ్ల కోసమే చంపారా అని అడిగారట. సోమవారం ఆఫీసుకు వచ్చి వాంగ్మూలం ఇమ్మన్నారు.

"నేను సోయిల లేకుంటి. నా ఇంట్ల ఎవ్వరం ఏం తీయలేదని చెప్త. బిడ్డ మీద ఒట్టేస్త," అన్నాడు.

లింగమ్మ గోడ వైపు తిరిగింది. అంతలో మణెమ్మ నీళ్లు తాగడానికి కుండ మీదికి వంగింది. గౌను మెడలోంచి నల్లదారం బయటికి జారింది. దానికి కొత్త రాగి తాయెత్తు, పక్కనే వంకర గోరు. పిల్ల తండ్రి దగ్గరికే పోదు, అతని ఒక కంటికి కట్టు. ఇంక అతనికి ఎలా కనబడుతుంది?

నేను అటే చూస్తుంటే ట్రే పక్కకు జరిగి, కడిగిన నీళ్లు బాలయ్య చొక్కా మీద కారాయి. నర్సు కసిరింది.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా చిక్కడపల్లి సందులో ఉండే వకీలు సారు దగ్గరికి పోయాను. బీపీ చూపించుకోవడానికి మా నర్సింగ్ హోమ్‌కే వచ్చే పెద్దమనిషి. అరుగు మీద కూర్చోమన్నాడు. నేను నిలబడే, ఎలుగును చంపిన మనిషికి కేసవుతుందా అని అడిగాను.

"పానం కాపాడుకునేతందుకు కొడితే నేరం కాదమ్మా. తన పానమైనా, పిల్ల పానమైనా. కానూన్‌లనే ఉన్నది," అన్నాడు. "గానీ ఆ టైంల తాను వేట అసొంటి తప్పు పని చేస్తుండొద్దు. యాడ కొట్టిండు?"

"వాకిట్లనే సారూ."

"అయితే మంచిదే. ఇంకోటి ఇను. చచ్చిన జంతువు సర్కారుది. గోరు, తోలు, వెంట్రుక ఏదీ ఇంట్ల పెట్టుకోవద్దు. లేదని చెప్పినంక దొరికితే, పానం కోసం కొట్టిన అంటే ఎవరు నమ్ముతరు? నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?"

సారుకు దండం పెట్టి బస్తీకి నడిచాను. లింగమ్మను నల్లా దగ్గరికి పిలిచి చెప్పాను. గయ్యిమంది.

"పిల్ల జడుసుకొని ఒళ్లు కాలిపోయింది. మా దిక్కు జడుపుకు ఎలుగు వెంట్రుకనే కడతరు. నీ కానూన్ వచ్చి నా పిల్ల పక్కన పండుతదా?"

"నీ మొగడు జైలుకు పోతే?"

"గట్లనకక్కా!"

"మరి తాయెత్తుతోని భయం పోయిందా? అయ్యను చూసి ఎందుకు ఉరుకుతున్నది?"

బిందె నిండి పొర్లుతోంది. ఆమె చూడలేదు. చివరికి సగం నీళ్లు ఒలకబోసుకుంటూ బిందె ఎత్తుకుని గుడిసెలోకి పోయింది. తర్వాత రెండు రోజులు వార్డులో నేను తుడిచిన చోటే మళ్లీ తుడిచాను.

శనివారం కట్టు మార్చుకోవడానికి వచ్చారు. గాయం అంచున పెరిగిన వెంట్రుకలు ఎండిన పక్కులో చిక్కుకుంటే నర్సు కత్తెరతో కత్తిరిస్తోంది. లింగమ్మ లోపలికి వచ్చి, నేను పట్టుకున్న ట్రేలో నల్లదారం పడేసింది. గోరు టంగుమంది.

"గోరు నేనే తీసిన. వెంట్రుకలు నేనే పీకిన. పిల్ల కోసం," అంది.

బాలయ్య ఆ గోరును చేతిలోకి తీసుకున్నాడు. "లింగీ, బిడ్డ మీద ఒట్టేస్తనంటిని కదనే! ఒక్క మాట చెప్పకపోతివి?" అని పళ్లు కొరికాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇగ దానికేం కడతవు?" అన్నాడు.

లింగమ్మ తాయెత్తు మూత తీసి ఎలుగు వెంట్రుకల్ని గోరుతో పాటు కాగితంలో పొట్లం కట్టింది. కత్తెర నుంచి బాలయ్య భుజం మీద రాలిన జుట్టు ఏరి తాయెత్తులో కూరింది.

"ఎలుగును కొట్టినోని వెంట్రుకలు ఇవి. ఎలుగే భయపడాలె."

మణెమ్మ గడప దాటి వచ్చింది. "గవి ఎవరియి?"

"మీ అయ్యవి," అంది లింగమ్మ.

దాని చేతిలో గాయం తుడిచే గాజుగుడ్డ ఉండ పెట్టి పట్టుకోమన్నాను. కట్టులేని ముఖాన్ని పిల్ల కిందినుంచి పైదాకా చూసింది.

"నొస్తున్నదా, అయ్యా?"

బాలయ్య కూతురి వైపు చెయ్యి చాచాడు. మంచి కంటిలోంచి కారిన నీళ్లకు కూడా నేను ట్రే పట్టాను.

సోమవారం భార్యాభర్తలు పొట్లం తీసుకుని ఆఫీసుకు పోయి, జరిగింది జరిగినట్టు చెప్పారు. తర్వాతి కట్టుకు వచ్చినప్పుడు బాలయ్యే చెప్పాడు. "ఆఫీసరు గోరును చూసిండు, నన్ను చూసిండు. 'గింత గోరు కోసం ఎవడన్న గింత మొగం ఇస్తడా?' అన్నడు. లింగిని మాత్రం బాగ తిట్టిండు. పొట్లం తీసుకొని, పానం కోసం కొట్టిండని రాసుకున్నడు." అవసరమైతే మళ్లీ పిలుస్తామన్నారట. గాయం మానిపోయి ఊరికి వెళ్లేదాకా పిలుపు రాలేదు.

కానూను సంగతిలో నాకు తెలిసింది ఒకటే. మీద పడ్డప్పుడు కొట్టిన దెబ్బ వరకే మనది. పడిపోయిన జంతువు ఒంటి మీద ఒక్క వెంట్రుక కూడా మనది కాదు.

నా పనిలో తెలిసింది ఇంకొకటి. అంతకుముందు డ్రెస్సింగ్ గదిలోకి పిల్లలు తొంగిచూస్తే అందరిలాగే నేనూ తరిమేదాన్ని. బాలయ్య తర్వాత తరమలేదు. లోపలికి పిలిచి, చేతులు కడిగించి, గాజుగుడ్డ ఉండ చేతికి ఇచ్చేదాన్ని. కట్టు విప్పుతుంటే మొదట కళ్లు మూసుకునేవారు. నేను తొందరపెట్టకుండా ట్రే పట్టుకుని నిలబడేదాన్ని. కాసేపటికి ఒక కన్ను తెరిచి, నొప్పిగా ఉందా అని వాళ్లే అడిగేవారు.