యాదమ్మ ఏరి తెచ్చిన ఇరవై సీసాలు

2022 వానాకాలం. మేడ్చల్ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆదివారాలు మాత్రం సుచిత్రలో, ఒక జిరాక్స్ షాపు పైన అద్దెకు తీసుకున్న గదిలో, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు క్లాసు. ఇటు మేడ్చల్, అటు శామీర్‌పేట వైపు మందుల కంపెనీల్లో లైన్ మీద పనిచేసేవాళ్లు ఆఫీసరు కావాలంటే కంపెనీ లోపల ఒక పరీక్ష రాయాలి. అందులో ప్రాబబిలిటీ, హైపోథెసిస్ టెస్టింగ్ తప్పవు. పొద్దంతా యంత్రాలతో కుస్తీ పట్టే మనుషులు ఈ రెండు మాటలు వినగానే పిల్లల్లా జడుసుకుంటారు.

వాళ్లకు ధైర్యం చెప్పే నేను స్వతహాగా పిరికివాణ్ణి. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి పేట్ బషీరాబాద్‌లోని ఇంటికి తిరిగెళ్లి చూసుకున్న రోజులున్నాయి. "గింత భయమైతే పిల్లలకు ఏం చెప్తరు మీరు?" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. వెయ్యిలో ఒక వంతు ప్రమాదం ఉందంటే మిగతావాళ్లకు తొమ్మిది వందల తొంభై తొమ్మిది కనబడతాయి. నాకు ఆ ఒక్కటే కనబడుతుంది. ఏం చేస్తాం, తయారీయే అలాంటిది.

ఆ ఏడు బ్యాచ్‌లో స్వరూప అని ఒకామె ఉండేది. ముప్పై దాటని వయసు, శామీర్‌పేట దగ్గర పల్లె, చేపలు పట్టే కుటుంబం. కళ్లల్లో వేసుకునే చుక్కల మందు నింపే కంపెనీలో మొదటి షిఫ్టుకు ఇన్‌స్పెక్టర్. రోజూ లైన్ మీంచి ఇరవై సీసాలు తీసి లీక్ టెస్ట్ చేయడం ఆమె పని. సీసాలను నీలం రంగు నీళ్లున్న జాడీలో ముంచి, జాడీలోని గాలిని లాగేసి, మళ్లీ వదులుతారు. మూత దగ్గర సన్నటి సందున్నా నీలం లోపలికి పోతుంది. మందు బయటికి కారే సీసాలోకి క్రిములూ దూరతాయి. ఆపరేషన్ చేయించుకున్న కంట్లో ఆ చుక్క పడితే చూపే పోవచ్చు. అందుకే ఈ పరీక్ష.

పుస్తకంలో లెక్కలు చేసీ చేసీ అందరికీ విసుగు పుట్టిందని ఒక ఆదివారం నేనే అన్నాను, "వచ్చే వారం మీ సొంత పనిలోంచి ఒక లెక్క పట్టుకురండి" అని. స్వరూప మహా ఉత్సాహంగా తెచ్చింది.

"సార్, మా లైన్ మీద రెండు షిఫ్టులు. మిషిన్ ఒక్కటే, సీసాలు ఒక్కటే. నెలల ఇరవై అయిదు దినాలు, దినానికి ఇరవై. అంటే నాయి అయిదు నూర్లు, ఆళ్లయి అయిదు నూర్లు. రెండో షిఫ్టుల ఏడు లీకులు దొరికినయి. నా దాంట్ల ఒక్కటి గూడ లేదు సార్! మా షిఫ్టే మంచిగ జేస్తదని లెక్కతోని చూపిస్తే మా మేనేజర్ ఇగ నోరెత్తడు."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేనూ సంబరపడి బోర్డు మీద రాశాను. ముందు నల్ హైపోథెసిస్ పెట్టాలి. అంటే, రెండు షిఫ్టులకూ తేడా ఏమీ లేదు అనుకోవాలి. తేడా లేకపోతే దొరికిన ప్రతి లీకూ ఇటు పడటానికి సగం, అటు పడటానికి సగం అవకాశం. ఏడూ అటే పడ్డాయంటే నాణెం ఏడుసార్లు ఎగరేస్తే ఏడుసార్లూ బొరుసే పడ్డట్టు. ఏడు సగాలను వరసగా హెచ్చిస్తే నూట ఇరవై ఎనిమిదిలో ఒక వంతు. ఇదే పి-వాల్యూ. తేడా నిజంగా లేకపోతే ఇంత వింత జరగడానికి ఉన్న అవకాశం. వందలో అయిదు వంతుల కన్నా తక్కువైతే నల్ హైపోథెసిస్‌ను వదిలేస్తాం. ఇది వందలో ఒక వంతు కూడా లేదు.

"గెలిచినట్టేనా సార్?" అంది స్వరూప.

"గెలిచినట్టే" అని సుద్ద కింద పెట్టబోయాను. అప్పుడే నా పాడు బుర్రకు ఆ ఒక్కటి కనబడింది. తేడా ఉందని లెక్క చెప్పింది. ఎందుకు ఉందో చెప్పలేదు. ఒకే యంత్రం, ఒకే సీసా, ఒకే మూత. సీసాలకు పొద్దున ఒక బుద్ధి, మధ్యాహ్నం ఒక బుద్ధి ఉంటుందా?

"అమ్మా, ఆ ఇరవై సీసాలూ లైన్ మీంచి ఎవరు తీస్తారు?" అని అడిగాను.

"యాదమ్మక్క తెస్తది సార్. మా షిఫ్టుకు లైన్ మీద హెల్పర్. నేను టేబుల్ కాడ కాయితాలు రాసుకుంటుంట, ఆమె ట్రేల వెట్టి తెచ్చిస్తది. మస్తు మంచిమనిషి."

"ఎట్లా తీస్తుందో నువ్వెప్పుడైనా చూశావా?"

స్వరూప ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోవడం నేను చూశాను. శాంపుల్ రాండమ్‌గా ఉండాలని, అంటే ఏ సీసాకైనా ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలని, అంతకు నెల ముందే ఇదే గదిలో అందరితో ఎక్కాల్లా వల్లె వేయించాను. ఎవరి చేయి ఏరుతుందో అడగాలని మాత్రం తట్టలేదు. పాతిక రోజుల కాగితాల మీద ఈమె సంతకం ఉంది. ఆ సంతకాన్ని నమ్మి డబ్బాలు గోదాముకు పోయాయి.

సోమవారం స్వరూప యాదమ్మకు చెప్పకుండా తనే లైన్ దగ్గరికి వెళ్లి కళ్లు మూసుకున్నట్టుగా ఇరవై సీసాలు తీసిందట. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చేసింది.

"సార్, ఒక్కటి గూడ నీలం కాలే! అన్ని మంచిగున్నయి. ఊకెనే పరేషాన్ అయినం."

గొంతులో అంత ఊరట వినేసరికి నాకూ ప్రాణం లేచొచ్చింది. "సరేనమ్మా, మంచిదైంది" అని ఫోన్ పెట్టేశాను. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, వేయకుండా ఉండాల్సిన లెక్క వేశాను. రెండో షిఫ్టులో ఉన్నన్ని లీకులే ఇక్కడా ఉన్నాయనుకుంటే, ఇరవై సీసాల్లో ఒక్కటీ దొరకకపోవడానికి ఎంత అవకాశం? నాలుగింట మూడు వంతులు. అంటే ఆ రోజు పరీక్ష ఏమీ చెప్పలేదన్నమాట. తప్పు ఉండి కూడా మన చేతికి చిక్కకపోవడాన్ని టైప్ టూ ఎర్రర్ అంటాం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

ఒప్పుకుంటున్నాను, వెంటనే ఫోన్ చేయలేదు. అరగంట కూర్చున్నాను. చెబితే ఈ అమ్మాయి ఉద్యోగం పోతుందేమోనని భయం. చెప్పకపోతే ఎక్కడో ఎవరో ముసలాయన ఆ మందు కంట్లో వేసుకుంటాడేమోనని అంతకన్నా పెద్ద భయం. పెద్ద భయమే గెలిచింది. ఫోన్ చేసి, ఇంకొన్ని రోజులు నువ్వే తీయాలమ్మా అన్నాను.

"ఇందాకనే చెప్పొద్దా సార్ గీ ముచ్చట? జర పానం నిమ్మలమయింది, మల్ల మొదటికి తెచ్చిండ్రు" అంది. చిరాకు పడుతోందనుకున్నాను. కాదు, ఏడుస్తోంది.

నాలుగో రోజు రెండు సీసాలు నీలమయ్యాయి.

ఆ సాయంత్రమే యాదమ్మను పక్కకు పిలిచి అడిగిందట. ఆమె దాచలేదు. దాచాల్సిన పని చేశానని కూడా ఆమెకు తెలియదు. ఒక్కో సీసా తీసి చెంపకు ఆనించుకునేది. తడి తగిలితే చీరకొంగుతో తుడిచి మళ్లీ బెల్టు మీదే పెట్టేసేది. పొడిగా ఉన్నవే ట్రేలో పెట్టేది.

"ఒక్కటి కారినా నీకు అయిదారు కాయితాలు రాసుడు పడుతది గద బిడ్డా. తిండి గూడ తినకుంట రాస్తవు. అందుకే మంచియి సూసి తెస్తి" అందట.

"మరి తడివి పారెయ్యొద్దా అక్కా?"

"పారేసెతందుకు నేనెవ్వర్ని? సీసా పారెయ్యాల్నంటే సంతకం గావాలె. నా సంతకం ఆడ నడవదు."

యంత్రం కన్నా బాగా లీకు పట్టగల చెంప ఆ లైన్ మీద ఉంది. పట్టిన ప్రతి సీసానూ శుభ్రంగా తుడిచి కళ్లు బాగాలేని మనిషి ఇంటి దారి పట్టించింది. అందులో కుట్ర లేదు, బద్ధకం లేదు, ఉన్నదంతా ప్రేమే. కుట్ర అయితే ఇంత భయపడేవాణ్ణి కాదు.

కంపెనీ పెద్దలకు రిపోర్టు రాయడానికి కూర్చున్నప్పుడు స్వరూప మళ్లీ ఫోన్ చేసింది. "శాంపుల్ ఎవరు తీసిండ్రని ఒక గడి ఉంది సార్. అక్క పేరు రాయాల్నా?"

రాయొద్దని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. "రాయాలమ్మా" అన్నాను.

తర్వాత మూడు వారాలు నేను సరిగ్గా నిద్రపోలేదు. మొదటి షిఫ్టు సరుకంతా గోదాములో ఆపేశారు. ఒక బ్యాచ్ అప్పటికే బయటికి వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి రప్పించే పనిలో పడ్డారు. స్వరూప క్లాసుకు రావడం మానేసింది. ఫోన్ మోగితే చాలు, ఎవరికో చూపు పోయిందన్న కబురేననుకునేవాణ్ణి. చివరికి ఒక పొద్దున తనే చేసింది. "వచ్చేసింది సార్. డబ్బాలు దుకాణాలకు పోకముందే దొరికినయి. అన్ని వచ్చినయి." నేను మెట్ల మీదే కూలబడ్డాను. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి నీళ్లిచ్చింది. ఆ రోజు ఎగతాళి చేయలేదు.

స్వరూపకు మెమో ఇచ్చారు, ఉద్యోగం ఉంచారు. తప్పు తనే బయటపెట్టింది కాబట్టి. యాదమ్మ కాంట్రాక్టు మనిషి, ఆమెను రావద్దన్నారు. ఆర్నెల్ల తర్వాత స్వరూప పరీక్ష పాసై ఆఫీసరయ్యింది. తడి సీసా కనబడితే లైన్ మీద ఎవరైనా సరే, హెల్పరైనా సరే, సంతకం లేకుండా ఎర్ర డబ్బాలో వేయొచ్చని మేనేజర్‌తో కొట్లాడి రాయించింది. యాదమ్మను మాత్రం వెనక్కి తెప్పించలేకపోయింది. గండిమైసమ్మ దగ్గర బోనాలప్పుడు ఎదురుపడితే యాదమ్మే ముందు పలకరించి, "తింటున్నవా బిడ్డా యాళ్లకు?" అని అడిగిందట. ఆ మాట చెబుతూ స్వరూప నా వైపు చూడలేదు.

ఆ తర్వాత నా క్లాసులో ఒక అలవాటు మొదలైంది. పి-వాల్యూ ఎంత తక్కువ వచ్చినా నేను టిక్కు పెట్టను. "ఈ శాంపుల్ ఎవరు ఏరారు?" అని కింద రాసి, జవాబు రాయమంటాను. పిల్లలు దాన్ని చాలా తేలికైన ప్రశ్న అనుకుంటారు. ఈ మొత్తం సబ్జెక్టులో నేను భయపడుతూ అడిగే ప్రశ్న అదొక్కటే. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబుగా ఒక అంకె వస్తుంది. దీనికి ఒక మనిషి పేరు వస్తుంది.