గుర్రాల ట్రైలర్‌లో మంచం

మా ఇల్లు ఊరి చివర, వల్లకాటికి పోయే దారి మీద ఉండేది. చిన్నప్పుడు ఆ దారిలోనే మేకలు తోలుకుపోయినవాణ్ణి. దయ్యం అంటే నాకు నవ్వొచ్చేది, ఇప్పుడూ వస్తుంది. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి బయటికి వెళ్ళిపోతాను. కాబట్టి ముందే చెబుతున్నాను, ఇందులో చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరు. నన్ను పీడించినవాడు రాయచోటిలో నిక్షేపంగా ఉన్నాడు. పేరు యూసుఫ్.

గల్ఫ్ యుద్ధానికి ముందు మేమిద్దరం సౌదీలో, రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు దగ్గర పైపుల మరమ్మతు పని చేసేవాళ్ళం. నాది జగిత్యాల వైపు. క్యాంపులో మనుషులు ఎక్కువ, మంచాలు తక్కువ. అందుకని పగటి డ్యూటీవాడికీ రాత్రి డ్యూటీవాడికీ కలిపి ఒకే మంచం ఇచ్చేవాళ్ళు. నాది పగటి డ్యూటీ, అంటే రాత్రి నిద్ర నాది. వాడిది రాత్రి డ్యూటీ, పగటి నిద్ర వాడిది.

పొద్దున్నే వాడు బూట్లు చేతిలో పట్టుకుని వచ్చి, మంచం ఇనుప కడ్డీ మీద ఉంగరంతో టకటకమని కొట్టేవాడు. నేను కళ్ళు తెరవకుండానే "లేస్తున్న" అని లేచేవాణ్ణి. సాయంత్రం నేను వచ్చి అలాగే కొట్టేవాణ్ణి. ఎప్పుడు పడుకున్నా దిండు వెచ్చగా ఉండేది, వాడి అత్తరు వాసన వేసేది. ఇద్దరిదీ ఒకే ఒడ్డూ పొడవూ, ఒకే బరువు. చొక్కాలు కూడా మార్చుకునేవాళ్ళం. శుక్రవారం సెలవొస్తే మాత్రం ఇద్దరికీ మంచం కావాలి, ఇద్దరికీ మండేది. ఆ రోజుల్లో నాకు మేడలక్కర్లేదు, కార్లక్కర్లేదు. నేను లేచేదాకా ఎవడూ లేపని మంచం ఒకటి ఉంటే చాలనుకునేవాణ్ణి.

యూసుఫ్ వాళ్ళ నాన్న రాయచోటిలో జట్కా తోలేవాడట. ఆ సంగతి ఎలాగో ఒక సౌదీ చెవిన పడింది. ఆయనకు ఊరి బయట గుర్రాలశాల ఉంది. వెంటనే యూసుఫ్‌ను గుర్రాల పనికి తీసుకున్నాడు. వాడు పోతూ పోతూ నా గురించి కూడా చెప్పి, కొన్ని నెలల తరవాత నన్ను అక్కడికే డ్రైవరుగా రప్పించాడు. మంచి చేశాడు, కాదనను.

కానీ అక్కడ దిగిన మొదటి రోజే ఆ ట్రైలర్ చూశాను. ఇంటికి తిరిగిపోతున్న ఒక అమెరికా అతని దగ్గర మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన ఆ సౌదీ యజమాని, కొన్నది. పికప్ వెనక తగిలించి లాగే బండి. వెనక సగంలో గుర్రం నిలబడే చోటు, ముందు సగంలో మనిషి ఉండటానికి గది. గదిలో ఏసీ, చిన్న ఫ్రిజ్, నీళ్ళ కుళాయి. పికప్‌కు తగిలించే చోటికి సరిగ్గా పైన మెత్తటి పరుపుతో మంచం. గుర్రాన్ని చూసుకోవడానికి మధ్యగోడకు చిన్న కిటికీ. ఆ గది యూసుఫ్‌కు ఇచ్చారు. ఎందుకంటే నజ్మా అనే తెల్ల గుర్రం వాడి మొహం ఆ కిటికీలో కనబడితే తప్ప ట్రైలర్ ఎక్కేది కాదు. నాకేమో తోట పనివాళ్ళతో కలిసి రేకుల షెడ్డు. దూరం వెళ్ళినప్పుడు పికప్ సీటు.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళం కదా, వాడికి ఏసీ గదేంటి, నాకు రేకుల షెడ్డేంటి! కడుపు మండిపోయింది. వాడు రోజూ పిలిచి చల్లటి పెరుగు ఇచ్చేవాడు. ఆ పెరుగు తింటూనే కుళ్ళుకునేవాణ్ణి.

యుద్ధం వచ్చింది. సైరన్లు మోగితే నజ్మా గోడలు తన్నేది. కఫీల్ భయపడి గుర్రాలన్నీ ఉనైజాలో తమ్ముడి ఖర్జూరం తోటకు పంపించాడు. దారి పొడుగునా ఎదురుగా మిలిటరీ లారీలు. నేను పికప్ తోలుతుంటే యూసుఫ్ వెనక గదిలో పడుకుని, గుర్రంతో ఏదో ఒకటి మాట్లాడుతూ వచ్చాడు. సగం దారిలో ట్రైలర్ టైరు పేలింది. బరువు ఎక్కువైందని టైర్ల షాపువాడు అన్నాడు. అప్పటి నుంచి దూర ప్రయాణానికి ముందు బండిని కాంటా వెయ్యాల్సిందేనని కఫీల్ హుకుం.

ఉనైజా బయట గోధుమల గోదాముల దగ్గర లారీల కాంటా ఉంది. గుండ్రటి పెద్ద అద్దం, లోపల ముల్లు. దాన్ని చూసుకునే హసన్ ఈజిప్టు మనిషి. మా బండి దాటకూడని బరువు దగ్గర అద్దం మీద ఎర్ర టేపు ముక్క అంటించాడు. గుర్రం, గడ్డి, నీళ్ళు, యూసుఫ్ అన్నీ ఎక్కి, నేను పికప్ దిగి నిలబడితే ముల్లు సరిగ్గా ఆ టేపు మీద ఆగేది. యూసుఫ్ కిందికి దిగితే కాస్త జారేది. వాడు సరదాకి ఎక్కుతూ దిగుతూ ఉంటే హసన్ పగలబడి నవ్వేవాడు. లాగేటప్పుడు కూడా నాకు తేడా తెలిసేది. వాడు ఆ మంచం మీద ఉంటే ట్రైలర్ నిలకడగా వచ్చేది, లేకపోతే తోక ఆడించేది.

యుద్ధం అయిపోయినా గుర్రాలు ఉనైజాలోనే ఉండిపోయాయి. యూసుఫ్ మాత్రం పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. పెళ్ళాం, పిల్లలు, సొంతిల్లు. దానికీ కుళ్ళుకున్నాను. అయినా గది నాకొచ్చింది. పరుపు ఎండలో వేసి, దుప్పట్లు ఉతికి, ఉనైజా బజారులో కొత్త దిండు కొన్నాను. రాత్రంతా ఏసీలో హాయిగా నిద్రపోయాను. చాన్నాళ్ళకు నా అంతటి అదృష్టవంతుడు లేడనిపించింది.

కొన్నాళ్ళకు నజ్మాను రియాద్ పందేలకు తీసుకెళ్ళాల్సి వచ్చింది. యూసుఫ్ లేడు, అది ఎక్కదని అందరం భయపడ్డాం. నేరుగా వచ్చి ఎక్కేసింది. ఎక్కి, కిటికీలోంచి ఖాళీ మంచం వైపు చూస్తూ నిలబడింది.

బాగా పొద్దెక్కాక కాంటా దగ్గర పికప్ దిగి చూశాను. ముల్లు ఎర్ర టేపు మీద ఉంది. గదిలో ఎవరూ లేనప్పుడు అది టేపు కింద ఉండాలి. గడ్డి అంతే, నీళ్ళు అంతే.

"యూసుఫ్‌ను దించు" అన్నాడు హసన్ హిందీలో, నవ్వుతూ.

"యూసుఫ్ ఇంటికి పోయి నెల దాటింది" అన్నాను.

తలుపు తీసి చూపించాను. ఖాళీ గది. మనిషి ఎక్కితే ముల్లు ఎలా లేస్తుందో చూడమని చెప్పి నేనే ఎక్కి మంచం మీద కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. దిగాను. కదల్లేదు. హసన్‌కు కోపం వచ్చింది. తనే ఎక్కాడు. ముల్లు టేపు దాటి పైకి పోయింది. తను దిగితే మళ్ళీ టేపు మీదికి వచ్చింది. గడ్డి మోపు తీస్తే తగ్గింది, పెడితే పెరిగింది. ఒక్క నేను ఎక్కినా దిగినా మాత్రం దానికి లెక్కే లేదు.

"మీజాన్ మియా మియా" అన్నాడు హసన్. కాంటా నూటికి నూరుపాళ్ళూ బాగుందని. ఆ తరవాత నా మొహం కేసి చూడకుండా చెయ్యి ఊపి పంపేశాడు. రియాద్ దారంతా ట్రైలర్ నిలకడగా వచ్చింది, తోక ఆడించలేదు.

దారిలో మిట్టమధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర ఆపి, గదిలోకి వెళ్ళి నడుం వాల్చాను. నజ్మా గోడ తన్నడం మొదలుపెట్టింది. తన్నుకోనీ అని కళ్ళు మూసుకున్నాను. నిద్ర పట్టిందో లేదో, కాళ్ళ దగ్గర ఇనుప కడ్డీ మీద టకటకమని చప్పుడు. "లేస్తున్న" అని లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని కిందికి దిగిపోయాను. కాళ్ళు కాలాక తెలివొచ్చింది. గదిలో ఎవరూ లేరు. గుర్రం చప్పుడు ఆపేసింది.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది. ఆ నడి ఎండలో ఖాళీ గది ముందు నిలబడి అరిచాను.

"ఇంటికి పోయినవ్ గదరా! పెండ్లాం పిల్లల దగ్గర పండుకోరాదు? ఈ మంచం గూడ నీకే గావాల్నా?"

బంకులో పనిచేసే బంగ్లా అతను భయంభయంగా నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు.

రియాద్ నుంచి తిరిగి రాగానే ఫోన్ కేబిన్‌కు వెళ్ళి రాయచోటికి ఫోన్ కలిపాను. వాళ్ళ వీధిలో ఎస్టీడీ బూత్ ఉంది, పిలిస్తే వస్తారు. ముందు వాడి భార్య వచ్చింది. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపే ఆమె ఏడ్పు మొదలుపెట్టింది.

"అన్నా, ఈయప్ప మనిషిగా లేడన్నా. వచ్చినకాణ్ణించి రేతిరి నిద్రే ల్యా. గోడకానుకోని కూచోనే ఉంటాడు. డాక్టరు మాత్రలు పంజెయ్యలా. మనిషి సగమైపోయినాడు. మాకు దిక్కెవరన్నా?"

తరవాత యూసుఫ్ ఫోన్ తీసుకున్నాడు. గొంతు పీలగా ఉంది.

"రేతిరి పండుకుంటే యెవురో పక్కలో ఉన్నట్ల ఉంటాది లింగన్నా, చోటుండదు. పగులు మాత్రం ఉన్నట్టుండి కన్ను మూతపడతాది. నజ్మా ఊపిరి యినపడతాది" అన్నాడు. మళ్ళీ తనే, "ఆ రూము నీకే ఇచ్చినారంట గదా? నిద్ర బాగా పడతాందా?" అని అడిగాడు.

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు వెంటనే తెలిసింది. అన్నేళ్ళుగా నా కడుపులో ఉన్నదే. సొంతింట్లో, సొంత మంచం మీద కూర్చుని వాడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు! నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. బాగానే పడుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ట్రైలర్ గదిలోకి వెళ్ళాను. కొత్త దిండు వైపు చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఎన్నేళ్ళకు దొరికింది నాకు! వదులుకోవడం నాకు ఇష్టం లేదు, ఇది మాత్రం నిజం. కానీ ఆ ఇల్లాలి ఏడ్పు చెవుల్లోంచి పోలేదు. కడ్డీ మీద నేనే టకటకమని కొట్టాను.

"రాత్రి నువ్వే పండుకో. నేను పగలు పండుకుంట. తెల్లారినంక లేవకపోతే మాత్రం ఊకోను" అన్నాను.

వెళ్ళి పికప్ సీటు మీద ముడుచుకున్నాను. మెడ పట్టేసింది. వాడిని తిట్టని తిట్టు లేదు.

వారం తరవాత ఫోన్ చేస్తే వాడి భార్య గొంతు మారిపోయింది. రాత్రిళ్ళు గురక పెట్టి నిద్రపోతున్నాడట, ఏ దర్గా మొక్కు ఫలించిందో అంది. ఆ దర్గా మెడ నొప్పితో కేబిన్‌లో నిలబడి వింటోందని నేను చెప్పలేదు.

తరవాతి ప్రయాణానికి మళ్ళీ పట్టపగలే కాంటా ఎక్కించాం. నేను కింద నిలబడితే ముల్లు టేపు కింద ఉంది. గదిలోకి ఎక్కితే సరిగ్గా టేపు మీదికి వచ్చింది. హసన్ ఏదో దువా చదువుకుని, "ఖల్లీ వల్లీ", పోతే పోనీ, అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మంచం మీద వాడు ఉన్నాడనడానికి నా దగ్గర ఆ ముల్లు తప్ప సాక్ష్యం లేదు. ఒక మనిషి బరువు సముద్రం దాటి ఎలా వచ్చి పోయిందో నాకు తెలియదు. చదువుకున్నవాళ్ళను అడిగాను, కాంటా చెడిపోయిందన్నారు. చెడిపోయిన కాంటా నాకూ యూసుఫ్‌కూ మాత్రమే ఎందుకు చెడింది అంటే మాట మార్చేశారు.

నజ్మా ముసలిదైపోయింది. ట్రైలర్‌ను ఎవరికో అమ్మేశారు. నేనూ ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికొచ్చాను. టేకు మంచం చేయించాను, ఎవడూ లేపని మంచం. దాని మీద రాత్రి నిద్ర రావడం లేదు. మంచానికి ఒక పక్కకు ఒదిగి, కళ్ళు తెరుచుకుని పడుకుంటాను. మిగతా జాగా ఎవరికని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. అక్కడ రాయచోటిలో వాడు హాయిగా గురక పెడుతుంటాడని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

జరిగిందంతా వాడికి ఒకసారి చెప్పాను. వాడు నవ్వలేదు. అప్పటి నుంచి తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేవగానే రోజూ ఫోన్ చేస్తాడు.

"లేసినా లింగన్నా. ఇంక నువ్వు పండుకో."

ఫోన్ పక్కన పెట్టేలోపే నాకు నిద్ర పడుతుంది.