పొయ్యి పైన రాసిన మాట

ఊళ్లోకి ఇంకా కరెంటు రాని రోజులు. నేను కాపురానికి వచ్చిన మొదటి ఉగాదికి, చింతామణి దగ్గరి మా అత్తవారింటికి సున్నం కొట్టారు. ఆ ఇంట్లో నాలుగక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వంటింటి గోడ ఆరగానే అత్త ఎర్రమన్ను కలిపిన చిప్ప నా చేతిలో పెట్టింది.

"పొయ్యి పైన దేవుని పేరు ఒకటి రాయమ్మా. ఏ దేవుడైనా కానీ, నీ ఇష్టం."

ఆ పొద్దున్నే ఆమె నన్ను కూలివాళ్ల ముందు కడిగేసింది, రాగిసంగటి గడ్డలు కట్టిందని. "మీయమ్మ తెడ్డు పట్టేది నేర్పలేదా?" అంది. నన్నంటే పడతాను గానీ, మా అమ్మనంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మంటలోనే పుల్లకు గుడ్డ చుట్టి, తెల్లటి గోడ మధ్యన ఒకే ఒక్క మాట రాశాను: కోపం. చుట్టూ గీత లేదు, పువ్వు లేదు. చూసుకో నీ ముఖం, అనుకున్నాను.

"ఏ దేవుడమ్మా?"

"నరసింహస్వామి అత్తా," అన్నాను. ఎంత పొగరు నాకు!

మర్నాటి నుంచి నా అవస్థ చూడాలి. అత్త పొద్దున్నే స్నానం చేసి వచ్చి, ఆ మాటకు పసుపు కుంకుమ పెట్టి, "సామీ, మా కోడలు సల్లంగా ఉండాల" అని మొక్కి, ఆ తర్వాతే పొయ్యి రాజేసేది. రెండు రోజులు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. మూడోనాడు నవ్వు రాలేదు. రోజూ ఆ మాటకెదురుగా నిలబడి సంగటి కెలికేది నేనే కదా. పుట్టింట్లో అలిగి తోసేసిన కంచాలు, తమ్ముణ్ణి కొట్టిన దెబ్బలు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. గోడ మీద ఉన్నది ఆమె ముఖం కాదు, నాదే. తుడిచేద్దామంటే ఆమె ఏమిటని అడుగుతుంది. చెబుదామంటే నోరు రాదు.

రెండు నెలలకు మా ఆడబిడ్డ మొగుడు జాతరకు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన బడిలో మేష్ట్రు. ఆ గోడ ఒక్కసారి చూశాడంటే అత్త అందరిలో నవ్వులపాలవుతుంది.

ఆ మధ్యాహ్నం ఆమె చింతపండు గింజలు తీస్తుంటే, పక్కన కూలబడి ఏడ్చేశాను. "అత్తా, అది దేవుని పేరు కాదు. కోపం అని రాసినా. నీ మీద కోపంతో రాసినా."

అత్త చింతపండు పక్కన పెట్టింది. గోడ వైపు తిరిగి చూసింది.

"రెండు నెల్లుగా నేను కోపానికి మొక్కుతాండానా?"

"ఊఁ."

"అందుకేనేమో, ఈ నడుమ నాకు నోరు లేస్తా లేదు." నవ్వింది మహాతల్లి! తర్వాత గబగబా లేచింది. "గుడ్డ తడుపుకోని రా. అల్లుడు చూస్తే నిన్ను ఎగతాళి చేస్తాడు, పిచ్చిదానా."

నేను ఆమె పరువుకు ఏడుస్తుంటే, ఆమెకు నా పరువు బెంగ. ఇద్దరం కలిసి తుడిచాం. అక్షరాలు పోయి, అరచేయంత ఎర్రటి మరక మిగిలింది.

మర్నాడు లేచి చూస్తే అత్త ఆ మరకకే బొట్టు పెడుతోంది. "మా కోడలు సల్లంగా ఉండాల." నేనూ వెళ్లి పక్కన నిలబడి చేతులు జోడించాను.