అక్క మెడ, నా కొప్పు

“అత్తమ్మా, సీటుమీది తలదిండు ఎందుకు పీకినవ్?”

“నా కొప్పుకు ఒత్తుకుంటాంది. అది లేకుంటే కారు నడ్వదా?”

“ఎన్కనుంచి ట్రైలర్ గుద్దితే సీటు నీ పెయ్యిని ముందుకు నూకుతది, నెత్తేమో ఉన్నకాన్నే ఉంటది. నడుమ మెడ ఏమైతది? అది పెట్టకపోతే రేపు కారు కదలనియ్య.”

“కదలనియ్యకు. ఫ్లైటు పోతే నీది గూడ పోతది!”

కోడలు స్వరూప ఆసుపత్రిలో మెడలు, నడుములు పట్టేసినవాళ్లకు కసరత్తు చేయించేది. సౌదీలో పెళ్లాంపిల్లల్ని ఉంచుకుంటే తలకింత కట్టే లెవీ పెరిగి, ఖఫ్జీలో మా పక్కిళ్లన్నీ ఖాళీ అయ్యాయి. ఇక మా వంతు. కొడుకు ఒక్కడే ఉంటాడు. కోడలు ఇక తిరిగిరాని ఎగ్జిట్ వీసా మీద, చూడవచ్చిన నేను ఆమె వెంట, తెల్లారి దమ్మాం పోయి విమానమెక్కాలి.

పీకిన దిండు ఒళ్లో పెట్టుకుంటే ఎండకు కాగిన రెగ్జిన్ వాసన. అదే వాసన, నా చిన్నప్పుడు మామిడికాయల కాలంలో, మేనమామ పెళ్లికి కిరాయికి మాట్లాడిన కారులో, మోదుగాకుల్లో చుట్టిన సర్వపిండితో, అక్క జడలోని మల్లెలతో కలిసి వచ్చింది. అక్క పొడగరి, సీటు ఆమె భుజాల దగ్గరే ఆగింది. నేను కాళ్లందక సీట్లో మునిగిపోయాను. రైలు గేటు దగ్గర ఆగి ఉండగా వెనకనుంచి లారీ గుద్దింది. నెత్తురు చుక్క లేదు, అక్క నవ్వింది కూడా. పొద్దుగూకేసరికి మెడ తిప్పలేకపోయింది.

ఇక అమ్మ చేతులు అక్కవే. ఉప్పు మూటతో కాపడం, మెడకింద చుట్టిన తువ్వాల, సర్వపిండి తుంచి నోట్లో పెట్టడం. నేనూ మెడ వంకర పెట్టుకుని ఎదుట నిలబడ్డాను.

“నీకేమైందే పొట్టిదానా, బండరాయి లెక్కున్నవ్,” అంది అమ్మ.

ఆ తర్వాత అక్కను ఎవరు పిలిచినా తల తిరిగేది కాదు, మనిషంతా తిరిగేది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు దాన్ని ఠీవి అనుకున్నారు. దానికీ కుళ్లుకున్నాను.

“సీటు నీ తలదాంక ఉండె, గందుకే బతికినవ్. ఇప్పుడు చిన్నపిల్లవా?” అంది స్వరూప, నేను చెప్పిందంతా విని. అక్కా లేదు, అమ్మా లేదు. కుళ్లు మాత్రం ఇంకా ఉంది.

తెల్లారి స్వరూప దిండు బిగించి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, కొప్పు విప్పి, జడ అల్లి భుజం మీదుగా ముందుకేసింది. మెడ వెనక చెయ్యి పెట్టి, తల దిండుకు ఆనిందో లేదో చూసింది. ఆ చెయ్యి తీసేదాకా నేను కదలలేదు.