వరదమ్మ కాశీలో వదిలింది

వరదమ్మ కాశీలో గంగ సాక్షిగా కాఫీ వదిలేసి, ఇంటికొచ్చి దొంగతనంగా తాగుతోందట. ఆ పాపానికే మొగుడు పరంధామయ్య వాడిపోతున్నాడట. మా వీధిలో ఈ మాట పుట్టించింది మునెమ్మ. నాలుగిళ్ళకు మోసింది నేను, కాదనను. మోసినదాన్నే దించాలి కదా, అందుకే రాస్తున్నాను. ఐదో తరగతితో చదువు ఆపాను గానీ, పక్కింటి సంగతులు తెలుసుకోవడం ఇంతవరకూ ఆపలేదు.

వరదమ్మది ఐరాల. వాళ్ళ నాయన చిత్తూరు మండీలో బెల్లం వేసి, వచ్చేటప్పుడు కాఫీపొడి పొట్లం తెచ్చేవాడు. ఆయన తాగి పెట్టిన గ్లాసు అడుగున మిగిలిన నురగను ఎనిమిదేళ్ళ ఈ పిల్ల వేలితో నాకేది. పెళ్ళై తిరుపతికి వచ్చేటప్పుడు సారెలో చీరలు తగ్గినా నోరెత్తలేదు, ఇత్తడి ఫిల్టరును మాత్రం ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. కొడుకు భానుచందర్ పుట్టేరోజు ఒకపక్క నొప్పులు, ఒకపక్క గుమ్మం ముందు ఆటో. అయినా డికాషన్ దిగేదాకా కదల్లేదు. వాడు ఆస్పత్రి మెట్ల మీదే పుట్టినంత పని చేశాడు. శ్రీహరికోటలో రాకెట్ వదిలినప్పుడల్లా మేమంతా మిద్దెక్కుతాం. ఆమె ఒక్కటీ చూడలేదు.

"అది పోతే ఇంకోటి వదుల్తారు. పాలు పొంగిపోతే ఎవురు తెచ్చిస్తారక్కా?" అంటుంది.

ఇంత పిచ్చి ఉన్న మనిషి తాగేది ఏమిటంటే, రెండో డికాషన్. మా ఇళ్ళలో వాడుక అది. మొదట దిగే చిక్కటి డికాషన్ మగవాళ్ళకు, చుట్టాలకు. ఆ పిప్పి మీదే మళ్ళీ వేణ్ణీళ్ళు పోస్తే దిగే పల్చటిది ఆడవాళ్ళకు. వాళ్ళు కూడా మగవాళ్ళ పనులయ్యాక, వంటింట్లో నిలబడి తాగాలి.

మొన్న మాఘమాసంలో మొగుడూ పెళ్ళాం కాశీకి వెళ్ళొచ్చారు. కాశీకి పోతే నోటికి అలవాటైనది ఏదో ఒకటి గంగలో వదలాలి, జన్మలో మళ్ళీ ముట్టకూడదు. పరంధామయ్య కాకరకాయ వదిలాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కాకరకాయ తిన్నది ఎవరూ చూడలేదు. వరదమ్మ కళ్ళు మూసుకుని మనసులో ఏదో అనుకుని మునిగింది, ఏమిటో బయటికి చెప్పలేదు. ఆయనే రైలు దిగగానే వీధంతా చాటాడు.

"దానికి కాఫీ తప్ప ఇంగేముండాది వదినా? అదే వదిలేసింది, మహాతల్లి!"

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె ఎప్పుడు తాగుతుందో, ఏం తాగుతుందో ఆయన తొంగిచూసిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం చూస్తాడా?

చూసింది మునెమ్మ. తోడుకు మజ్జిగ అడగడానికి వెళితే, వరదమ్మ మూతి మీద తెల్లటి నురగ మీసం! అదే వారం పరంధామయ్య మా అరుగు మీద కూర్చుని, "కాశీ నుంచి వచ్చినకాడ్నుంచి నోటికి రుచే లేదు వదినా. కాఫీ సైతం కుడితి మాదిరి ఉండాది" అని ఏడ్చాడు. ఇంకేం, మునెమ్మ రెంటికీ ముడేసింది.

అంతటితో పోలేదు. లోకేశ్వరి కూతురికి శుక్రవారం సీమంతం. మా వీధిలో ఎవరి సీమంతమైనా మొదటి గాజు తొడిగేది వరదమ్మే. "గంగకిచ్చిన మాట తప్పిన చెయ్యి మనకొద్దు" అని మునెమ్మ అడ్డం తిరిగింది. లోకేశ్వరి నా దగ్గరికి వచ్చి, "నువ్వే అడిగి తేల్చక్కా. ఆ మాట నిజమైతే ఆమెను పిలవను" అంది.

నన్ను అడగమని ఒకరు చెప్పాలా? చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను.

వరదమ్మ పెరటి గడప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చేతిలో పొగలు కక్కే గ్లాసు, ఆ వాసన వీధి మొదట్లోకే వస్తోంది. నన్ను చూసి దాచనూ లేదు, లేవనూ లేదు.

"ఏమే వరదా, నీ చేత గాజులు తొడిగించొద్దంటా ఉండారు. నిజం చెప్పు, గంగలో ఏం వదిలినావు?"

ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుంది.

"రెండో డికాషన్ వదిలినానక్కా. దినామూ తాగిందే గదా, వదల్లేక వదిలినా. గంగమ్మ మీద ఆన, మళ్ళా నోట్లో పెట్టలేదు. పారబోసేకి మనసు రాక మీ మరిదికి పోస్తా ఉండా."