వంశంలో లేని జబ్బు

నేను కోదాడలో జంతుశాస్త్రం చెప్పే రోజుల్లో, మిర్యాలగూడ నుంచి వస్తుంటే బస్సులో ఒక జంట పక్కన సీటు దొరికింది. వాళ్ల పాపకు తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. ఆ రోజూ ఎక్కించుకొనే వస్తున్నారు. కిటికీ దగ్గర తల్లి ఒళ్లో పాప వాడిపోయి పడుకుంది.

"మా వంశంల ఇసొంటి రోగం లేదు సార్. గీమెనే పుట్టింటి నుంచి తెచ్చింది," అన్నాడు తండ్రి, పాడైన సామాను గురించి చెప్పినట్టు. తనకు ఇంకో సంబంధం చూస్తున్నారని కూడా సిగ్గులేకుండా చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. "రక్తంలో ఎర్రటి ప్రోటీన్ తయారవడానికి తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒక జన్యువు వస్తాయి. రెండూ చెడినవైతేనే ఈ జబ్బు. ఒకటి నువ్విచ్చిందే," అన్నాను.

"పుస్తకాలల్ల మస్తు రాస్తరు," అని నవ్వాడు. అలాంటివాడికి విడమరిచి చెప్పినందుకు నామీద నాకే రోత పుట్టింది.

కిటికీ వైపు నుంచి ఆమె ఇటు తిరిగి అడిగింది: "నిజమేనా సారూ? ఈయనది గూడ ఉన్నదా?"

"సగం ఆయనదేనమ్మా."

ఆమె పాపను ఎత్తి అతని ఒళ్లో పెట్టింది. "ఇన్నవు గదా, పట్టుకో," అని కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

హుజూర్‌నగర్ దాటాక అతను ఆమెను లేపబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.